ఎవరూ గుమ్మం దగ్గర ఆగిపోకుండా: అందరూ పాల్గొనగలిగే కార్యక్రమం ఏర్పాటు చేయడం ఎలా?

"మా సభకు వీల్‌చైర్‌లో ఒకరు వస్తున్నారట, ఏం చేయాలి?" అని తేదీకి రెండు రోజుల ముందు అడిగేవాళ్లు చాలామంది. అప్పటికే హాలు బుక్ అయిపోయి ఉంటుంది, ఆహ్వానాలు వెళ్లిపోయి ఉంటాయి, ఇక చేయగలిగింది తక్కువ. అందుకే ఇక్కడ చెప్పే పనుల్లో సగం కార్యక్రమానికి రెండు నెలల ముందే మొదలుపెట్టాలి.

ప్రపంచ జనాభాలో సుమారు 16 శాతం మందికి, అంటే దాదాపు 130 కోట్ల మందికి చెప్పుకోదగ్గ వైకల్యం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కాలికి కట్టు కట్టించుకున్నవాళ్లకూ, చంటిపిల్లల బండితో వచ్చేవాళ్లకూ, మోకాళ్ల నొప్పితో మెట్లు చూడగానే వెనక్కి తగ్గేవాళ్లకూ ఇవే ఏర్పాట్లు పనికొస్తాయి.

ఒక విషయం మొదటే గుర్తుపెట్టుకోండి. రావాలా వద్దా అని మనిషి నిర్ణయించుకునేది ఇంట్లోనే, మీ ఆహ్వానం చదువుతున్నప్పుడే. లోపల ఎన్ని సదుపాయాలు పెట్టినా ఆ సంగతి అందులో రాయకపోతే అవి ఉన్నట్టు వాళ్లకు తెలిసే దారి లేదు.

## 1. ముందు ఒక మనిషి, కొంత డబ్బు

ఈ పని అందరి బాధ్యత అనుకుంటే ఎవరూ చేయరు. పేరు పెట్టి ఒకరికి అప్పగించండి. వాళ్ల ఫోన్ నంబరు, ఈమెయిల్ ఆహ్వానంలో ఉండాలి. హాలు వాళ్లతో, స్పీకర్లతో తేల్చి మాట్లాడే అధికారం కూడా వాళ్లకు ఉండాలి.

ఏర్పాట్లు చూసే బృందంలో వైకల్యం ఉన్నవాళ్లు ఒకరిద్దరైనా ఉంటే సగం తప్పులు కాగితం మీదే దొరికిపోతాయి. సలహా కోసం బయటినుంచి పిలిస్తే వాళ్ల సమయానికి డబ్బు ఇవ్వండి.

బడ్జెట్ మొదటి చిత్తులోనే దీనికో వరుస రాయండి. చివర్లో మిగిలితే చూద్దామంటే ఏనాడూ మిగలదు. సైగల భాష ఇంటర్‌ప్రెటర్లు, క్యాప్షన్లు (మాట్లాడే మాటలను అప్పటికప్పుడు తెర మీద అక్షరాలుగా చూపించడం), అద్దె ర్యాంప్, వాహనం ఖర్చుతో కూడినవి. కుర్చీలు ఎడంగా వేయడానికి, మైకులో మాట్లాడటానికి, ఆహ్వానంలో ఉన్నదున్నట్టు రాయడానికి పైసా అక్కర్లేదు. డబ్బు తక్కువగా ఉంటే ఖర్చులేనివన్నీ ముందు పూర్తి చేయండి. మిగిలిన సొమ్ము వచ్చేవాళ్లు నోరు తెరిచి అడిగినవాటికి పెట్టండి.

పనుల వరుస ఇలా ఉంటే టెన్షన్ తగ్గుతుంది:

- 8 నుంచి 10 వారాల ముందు: హాలు చూసి కొలవడం, ఇంటర్‌ప్రెటర్లను, క్యాప్షన్ రాసేవాళ్లను బుక్ చేయడం
- 6 వారాల ముందు: ఆహ్వానం, రిజిస్ట్రేషన్
- 3 వారాల ముందు: అవసరాలు చెప్పడానికి గడువు, అడిగిన ప్రతి ఒక్కరికీ జవాబు
- 10 రోజుల ముందు: స్పీకర్ల నుంచి స్లైడ్లు తెప్పించడం, ఇంటర్‌ప్రెటర్లకు పంపడం
- ముందు రోజు: దారి మొత్తం ఒకసారి తిరిగి చూడటం

## 2. హాలు చూడటానికి టేపు పట్టుకుని వెళ్లండి

"మీ దగ్గర ర్యాంప్ ఉందా?" అని ఫోన్‌లో అడిగితే "ఉందండి" అంటారు. అబద్ధమేమీ కాదు. వెళ్లి చూస్తే అది వెనకవైపు సామాను దించుకునే ఏటవాలు దారి. దాని చివర తలుపుకి తాళం, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. టాయిలెట్ సంగతీ అంతే. తలుపు మీద వీల్‌చైర్ బొమ్మ ఉంటుంది, తెరిస్తే చీపుళ్లు, బకెట్లు, విరిగిన కుర్చీలు. కాబట్టి ఫోన్‌లో అడిగి సరిపెట్టుకోవద్దు. వెళ్లి, తెరిచి, కొలిచి, ఫొటో తీసుకోండి.

చూసే వరుస ముఖ్యం. వాహనం దిగే చోట మొదలుపెట్టి ముఖద్వారం, రిజిస్ట్రేషన్ టేబుల్, కూర్చునే చోటు, వేదిక, టాయిలెట్, భోజనాల గది, మళ్లీ వాహనం దాకా వెళ్లండి. మధ్యలో ఒక్క మెట్టు ఉన్నా ఆ మనిషి ప్రయాణం అక్కడితో ఆగిపోతుంది, దాని అవతల ఎంత బాగున్నా లాభం లేదు.

ర్యాంప్ లెక్క. ఎక్కువగా పాటించే కొలత 1:12. అంగుళం ఎత్తుకి 12 అంగుళాల పొడవు. 6 అంగుళాల మెట్టు ఒకటి దాటాలంటే 6 అడుగుల ర్యాంప్ కావాలి, రెండు మెట్లయితే 12 అడుగులు. మెట్ల మీద చెక్క పలక వాల్చేసి ర్యాంప్ అనడం ప్రమాదం. ఎక్కేటప్పుడు కుర్చీ వెనక్కి తిరగబడుతుంది, దిగేటప్పుడు మనిషి ముందుకి పడతారు. ర్యాంప్ పైనా కిందా 5 అడుగుల చదునైన జాగా, అంచులకు అడ్డుపట్టీ, పొడవైన ర్యాంప్‌కి రెండువైపులా పట్టుకునే కడ్డీలు ఉండాలి.

తలుపు. చట్రం వెడల్పు కొలిచి ఊరుకోవద్దు. తలుపు పూర్తిగా తెరిచి, తెరిచిన రెక్కకీ అవతలి చట్రానికీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూడండి. కనీసం 32 అంగుళాలు, వీలైతే 36. రెండు రెక్కల తలుపుల్లో ఒకదానికి గడియ పెట్టేస్తారు, అది కూడా ఆ రోజు తెరిచి ఉంచమని చెప్పండి.

టాయిలెట్. లోపల వీల్‌చైర్ తిరగడానికి 5 అడుగుల వ్యాసంలో ఖాళీ ఉండాలి. కమోడ్ పక్కన గోడకి గట్టిగా బిగించిన కడ్డీ ఉండాలి. చేత్తో గుంజి చూడండి, ఊగితే అది లేనట్టే. తలుపు బయటికి తెరుచుకుంటే మేలు. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. ఈ టాయిలెట్ మగవాళ్ల గదిలోనో ఆడవాళ్ల గదిలోనో ఉంటే, భార్యకు సాయం చేసే భర్త, తండ్రిని తీసుకొచ్చిన కూతురు లోపలికి వెళ్లలేరు. విడిగా ఉన్నదాన్నే ఎంచుకోండి.

లిఫ్ట్. వీల్‌చైర్‌తో పాటు ఇంకొకరు పట్టాలి. ఆ రోజు అది నడుస్తుందా, సెలవు రోజుల్లో ఆపేస్తారా, బటన్లు కూర్చున్నవాళ్లకు అందుతాయా అడిగి రాసుకోండి.

నేల కూడా చూడండి. కంకర, ఇసుక, ఎత్తుగా పెరిగిన గడ్డి, దళసరి తివాచీ వీల్‌చైర్ చక్రాలనూ చేతికర్రలనూ లాగేస్తాయి.

"ఏం ఫర్వాలేదు, మా కుర్రాళ్లు నలుగురు కుర్చీతో సహా ఎత్తేస్తారు" అనే మాట తరచూ వినిపిస్తుంది. మంచి మనసుతోనే అంటారు. కానీ మోటారు వీల్‌చైర్లు కొన్ని మనిషి ఎక్కకముందే వంద కిలోలు దాటుతాయి. పట్టుకోకూడని చోట పట్టుకుంటే చేతికి ఊడి వచ్చే భాగాలుంటాయి. పైగా నలుగురు చూస్తుండగా గాల్లో లేవడం ఎవరికీ ఇష్టం ఉండదు. మెట్లు తప్పవంటే హాలు మార్చండి, లేదా సరైన కొలతతో అద్దె ర్యాంప్ తెప్పించండి.

హాలు చెక్‌లిస్ట్:

- వాహనం తలుపు దగ్గరిదాకా వస్తుందా
- దారిలో కనీసం 3 అడుగుల వెడల్పు, మలుపుల దగ్గర 5 అడుగులు ఉందా
- వేదిక మీదికి మెట్లు కాకుండా వేరే దారి ఉందా
- మెట్ల అంచులు వేరే రంగులో కనిపిస్తున్నాయా
- జనం గోల నుంచి దూరంగా ఒక చిన్న గది దొరుకుతుందా
- మంటలు లేస్తే లిఫ్ట్ వాడకూడదు కదా, మెట్లు దిగలేనివాళ్లు బయటికి ఎలా వెళ్తారు

చివరి ప్రశ్నకి హాలు మేనేజర్ దగ్గర జవాబు లేకపోతే కార్యక్రమం నేల అంతస్తులోనే పెట్టండి.

## 3. ఆహ్వానంలో ఉన్నది, లేనిది రెండూ రాయండి

"అందరికీ సౌకర్యాలు కల్పించబడును" అన్న వాక్యం ఎవరికీ ఉపయోగపడదు. దాని బదులు ఇలా రాయండి:

"కార్యక్రమం నేల అంతస్తులో. ముఖద్వారం దగ్గర 2 మెట్లు ఉన్నాయి, ఎడమవైపు ర్యాంప్ ఉంది. వీల్‌చైర్ పట్టే టాయిలెట్ హాలు పక్కనే ఉంది. సైగల భాష ఇంటర్‌ప్రెటర్లు ఉంటారు. క్యాప్షన్లు లేవు. మొత్తం 3 గంటలు, మధ్యలో 25 నిమిషాల విరామం. ప్రారంభంలో 10 నిమిషాలు పెద్ద శబ్దంతో సంగీతం ఉంటుంది. విశ్రాంతికి ప్రశాంతమైన గది ఉంది."

లేనివాటిని దాచవద్దు. క్యాప్షన్లు లేవని ముందే తెలిస్తే మనిషి ప్రత్యామ్నాయం చూసుకుంటారు. వచ్చాక తెలిస్తే మళ్లీ మీ కార్యక్రమం వైపు చూడరు.

రిజిస్ట్రేషన్ ఫారంలో "మీకున్న వైకల్యం ఏమిటి?" అని అడగకండి. ఆ వివరం మీకు అక్కర్లేదు, దాంతో ఏం ఏర్పాటు చేయాలో కూడా తెలియదు. చూపు తక్కువున్న ఇద్దరిలో ఒకరికి పెద్ద అక్షరాలు కావాలి, ఇంకొకరికి ఫైలు ముందుగా కావాలి. "మీరు పూర్తిగా పాల్గొనడానికి మేం ఏం ఏర్పాటు చేయాలి?" అని అడిగి, టిక్ పెట్టడానికి కొన్ని ఎంపికలు, రాయడానికి ఖాళీ ఇవ్వండి:

- వీల్‌చైర్ చోటు
- సైగల భాష, లేదా క్యాప్షన్లు
- పెద్ద అక్షరాల ప్రతి, బ్రెయిల్ ప్రతి, లేదా ఫైలు
- వెంట సహాయకులు వస్తున్నారు (వాళ్లకు టికెట్ అడగవద్దు)
- ఆహారంలో అలర్జీలు
- పిల్లల సంరక్షణ

వచ్చిన సమాధానాలు చూడాల్సినవాళ్లే చూడాలి. వాట్సాప్ గ్రూపులో ఆ జాబితా పెట్టేయడం పెద్ద తప్పు.

ఇక పోస్టర్. ఎంత అందంగా చేయించినా అది బొమ్మే. తేదీ, సమయం, చోటు బొమ్మలోనే ఉంటే చూపులేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ (తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాటిని సరిగా చదవలేకపోవచ్చు. ఒక్కోసారి "ఫొటో" అని మాత్రమే చెప్పి ఊరుకుంటుంది. పోస్టర్ పంపిన ప్రతిసారీ కింద అదే సమాచారం టైపు చేసి పెట్టండి. ఇందుకు రెండు నిమిషాలు చాలు. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లకీ ఇదే వర్తిస్తుంది. వివరాలకు ఫోన్ నంబరు ఒక్కటే ఇస్తే వినబడనివాళ్లు మిమ్మల్ని సంప్రదించలేరు, కాబట్టి మెసేజ్ లేదా ఈమెయిల్ కూడా ఇవ్వండి.

## 4. వినబడాలి, కనబడాలి

"నా గొంతు పెద్దదే, మైకు అక్కర్లేదు. వెనకవాళ్లకి వినబడుతోందా?" అని అడిగే స్పీకర్ ప్రతి సభలోనూ ఒకరుంటారు. వినబడనివాళ్లకి ఆ ప్రశ్నే వినబడదు. మైకు అందరికీ తప్పనిసరి అని ముందే చెప్పండి. జనంలోంచి ప్రశ్న వస్తే మైకు అక్కడికి వెళ్లాలి, లేదా స్పీకర్ ఆ ప్రశ్నను మైకులో మళ్లీ చెప్పాలి. క్యాప్షన్లు రాసేవాళ్లకీ ఆన్‌లైన్‌లో వినేవాళ్లకీ ఇదొక్కటే ఆధారం.

కొన్ని హాళ్లలో ఇండక్షన్ లూప్ ఉంటుంది. టెలికాయిల్ (లూప్ పంపే సంకేతాన్ని అందుకునే చిన్న తీగచుట్ట) ఉన్న వినికిడి యంత్రాలకి అది మైకులోని మాటను నేరుగా అందిస్తుంది. ఉంటే ముందురోజు ఆన్ చేసి పరీక్షించండి. గోడకి గుర్తు ఉండి లోపల యంత్రం పనిచేయని సందర్భాలు తక్కువేమీ కాదు.

సైగల భాష. ప్రపంచమంతటికీ ఒకే సైగల భాష లేదు. అమెరికా, బ్రిటన్ రెండూ ఇంగ్లిష్ మాట్లాడే దేశాలే అయినా వాటి సైగల భాషలు వేర్వేరు. వచ్చేవాళ్లు ఏది వాడతారో అడిగి బుక్ చేయండి. గంట దాటే కార్యక్రమానికి ఇద్దరు ఇంటర్‌ప్రెటర్లు కావాలి. ఇది బుర్రనూ చేతులనూ అలసిపోయేలా చేసే పని, సుమారు 20 నిమిషాలకోసారి ఒకరి తర్వాత ఒకరు అందుకుంటారు. ఖర్చు తగ్గుతుందని ఒక్కరితో సరిపెడితే రెండో గంటకల్లా మాటలు జారిపోవడం మొదలవుతుంది.

వాళ్లను స్పీకర్ పక్కన, వెలుతురులో నిలబెట్టండి. వెనక రంగురంగుల తెర వద్దు. చూసేవాళ్లకు ఎదురుగా ముందు వరుసలు కేటాయించండి. స్లైడ్ల కోసం లైట్లు ఆర్పేస్తే ఇంటర్‌ప్రెటర్ కనబడరు, ఆ ఒక్క లైటు వెలుగుతూనే ఉండాలి.

క్యాప్షన్లు. సాఫ్ట్‌వేర్ వాటంతటవే ఇచ్చే క్యాప్షన్లు లేనిదానికన్నా నయం. అయితే మనుషుల పేర్లు, సాంకేతిక పదాలు, రెండు భాషలు కలిపి మాట్లాడే మాటల దగ్గర అవి తడబడతాయి. ముఖ్యమైన సభకి మనిషి రాసే క్యాప్షన్లే పెట్టండి. స్పీకర్ల పేర్లు, పదాల జాబితా వాళ్లకు ముందే పంపండి.

స్లైడ్లు. అక్షరాలు 24 పాయింట్లకు తగ్గకూడదు. అక్షరం రంగుకీ వెనక రంగుకీ తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలి, దీన్ని లెక్కగట్టే ఉచిత పరికరాలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. ఎరుపు అంటే తప్పు, ఆకుపచ్చ అంటే ఒప్పు అని రంగుతోనే చెప్పకుండా పక్కన మాటో గుర్తో పెట్టండి. సెకనుకి 3 సార్లకు మించి మెరిసే వీడియోలు, లైట్లు కొందరికి మూర్ఛ తెప్పిస్తాయి, వాటిని పూర్తిగా తీసేయండి.

స్పీకర్‌కి ఇంకో మాట చెప్పాలి. "ఇక్కడ చూడండి, ఇది ఇలా పెరిగింది" అంటే చూపులేనివాళ్లకు ఏమీ తెలియదు. "ఈ గ్రాఫ్‌లో మొదటి ఏడాది 40 ఉన్నది, ఐదో ఏడాదికి 90 అయింది" అంటే అందరికీ తెలుస్తుంది. ఇలా చెప్పడానికి అదనంగా పట్టేది రెండు క్షణాలే.

## 5. హాలు సర్దేటప్పుడు

వీల్‌చైర్ చోట్లన్నీ మూలనో, అందరికన్నా వెనకనో ఒకేచోట పెట్టడం నాకు అస్సలు నచ్చదు. స్నేహితులతో వచ్చినవాళ్లు స్నేహితులతోనే కూర్చోవాలి. వరుసల మధ్య అక్కడక్కడా ఒక్కో కుర్చీ తీసేసి 3 అడుగుల వెడల్పు, 4 అడుగుల పొడవు జాగా వదలండి. పక్కన తోడు వచ్చినవాళ్లకు కుర్చీ ఉండాలి. నడవాలో నిలిపితే దారికి అడ్డం, ప్రమాదం కూడా.

రిజిస్ట్రేషన్ టేబుల్, భోజనాల టేబుల్ 34 అంగుళాలకు మించి ఎత్తు ఉండకూడదు. కింద మోకాళ్లు పట్టేలా 27 అంగుళాల ఖాళీ ఉండాలి. నిలబడి మాట్లాడుకునే ఎత్తు టేబుళ్లు వేస్తే కూర్చునేవి కూడా కొన్ని వేయండి. చేతులున్న కుర్చీలు, చేతుల్లేని కుర్చీలు కలిపి వేస్తే లేవడానికి ఆసరా కావాల్సినవాళ్లకూ, విశాలమైన కుర్చీ కావాల్సినవాళ్లకూ సరిపోతుంది.

స్పీకర్ వీల్‌చైర్‌లో రావచ్చన్న ఆలోచనే చాలామందికి రాదు. ప్రేక్షకులకు ర్యాంప్ ఉంటుంది, వేదికకు ఉండదు. వేదిక ఎక్కే దారి లేకపోతే ఆ ఒక్కరినీ కింద కూర్చోబెట్టకండి, ఆ రోజు అందరూ కిందనుంచే మాట్లాడేలా మార్చేయండి.

ప్రశాంతమైన గదిలో తక్కువ వెలుతురు, నాలుగు కుర్చీలు, తాగే నీళ్లు చాలు. అక్కడ ఫోన్ మాటలు, సంగీతం వద్దు. ఆటిజం ఉన్నవాళ్లకూ, జనంలో ఊపిరాడనట్టు అనిపించేవాళ్లకూ ఆ గది ఉంటేనే రోజంతా ఉండటం వీలవుతుంది. దాన్ని సామాన్ల గదిగా మార్చకుండా ఒకరు కనిపెట్టుకుని ఉండాలి.

అలంకరణ చేసేవాళ్లతో విడిగా మాట్లాడండి. ర్యాంప్ రెండు అంచులా పూలకుండీలు పేర్చి, 4 అడుగుల దారిని 2 అడుగులు చేసేస్తారు. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. ఘాటైన సెంట్లు, అగరుపొగ ఉబ్బసం ఉన్నవాళ్లకు పడవు.

## 6. టైం టేబుల్

గంటా గంటంబావుకి ఒక విరామం, అది 20 నిమిషాలకు తగ్గకుండా. పది నిమిషాల్లో వీల్‌చైర్‌తో టాయిలెట్‌కి వెళ్లి రావడం కుదరదు. ఆలస్యంగా మొదలై ఆలస్యంగా ముగిస్తే మందుల వేళలు తప్పుతాయి, ముందే మాట్లాడుకున్న వాహనం వెళ్లిపోతుంది, ఇంటర్‌ప్రెటర్ల సమయం అయిపోతుంది.

## 7. వాలంటీర్లకు అరగంట

- సాయం చేసేముందు అడగాలి. "వద్దు" అంటే వద్దనే.
- వీల్‌చైర్ ఆ మనిషి శరీరంలో భాగమనుకోవాలి. చెప్పకుండా తోయకూడదు, ఆనుకోకూడదు.
- చూపులేనివాళ్ల చెయ్యి పట్టి లాగకూడదు. మన మోచెయ్యి అందిస్తే వాళ్లే పట్టుకుని అడుగు వెనక నడుస్తారు. మెట్టు వస్తే ఎక్కేదో దిగేదో చెప్పాలి. వదిలి వెళ్లేటప్పుడు "నేను వెళ్తున్నాను" అనాలి.
- ఇంటర్‌ప్రెటర్‌తో, సహాయకులతో కాకుండా ఆ మనిషి ముఖం చూసి మాట్లాడాలి.
- దారి చూపే కుక్కను ముట్టుకోకూడదు, తిండి పెట్టకూడదు. అది పనిలో ఉంది. దానికి నీళ్ల గిన్నె పెట్టవచ్చా అని యజమానిని అడగాలి.
- మాట నెమ్మదిగా వచ్చేవాళ్ల వాక్యాన్ని మనం పూర్తి చేయకూడదు.

ప్రమాదం జరిగితే ఎవరు ఎవరికి తోడుండాలో పేర్లతో సహా ఆ అరగంటలోనే తేల్చండి. గంట మోగితే వినబడనివాళ్లకు తెలియదు, వాళ్లకు చెప్పడం ఎవరి పనో కూడా నిర్ణయించండి.

## 8. ఆన్‌లైన్‌లో చేరేవాళ్లు

రాలేనివాళ్లకు లింకు ఇవ్వడం మంచిదే, కానీ ర్యాంప్ లేదు కాబట్టి లింకు ఇస్తామనడం తగదు. క్యాప్షన్లు ఆన్‌లో ఉంచండి. సైగల భాష ఇంటర్‌ప్రెటర్ వీడియోను తెర మీద పెద్దగా పిన్ చేసి ఉంచండి. చాట్‌లో వచ్చే ప్రశ్నలు చదివి వినిపించడానికి ఒకరిని పెట్టండి. హాల్లో పంచే కాగితాలు వీళ్లకు ముందే ఫైలుగా పంపండి.

## 9. ఆ రోజు ఎదురయ్యే చిక్కులు, అప్పటికప్పుడు చేయాల్సినవి

లిఫ్ట్ ఆగిపోయింది. మనిషిని పైకి ఎలా చేర్చాలా అని ఆలోచించకండి, ఆ సెషన్‌నే కిందికి దించండి. కింద ఒక గది ఖాళీగా ఉంచమని హాలు వాళ్లను ముందే అడిగి ఉంటే ఇది పావుగంట పని.

ఇంటర్‌ప్రెటర్ రాలేదు. ఫోన్‌లో క్యాప్షన్ల యాప్ పెట్టి మైకు దగ్గర ఉంచండి, లేదా ఆన్‌లైన్‌లో ఇంటర్‌ప్రెటర్ దొరుకుతారేమో చూడండి. ఏం జరిగిందో బధిర అతిథులకు వెంటనే రాసి చెప్పండి, ఏది మేలో వాళ్లనే అడగండి.

వీల్‌చైర్ పట్టే టాయిలెట్‌ను అందరూ వాడేస్తున్నారు. తాళం వేయవద్దు. వైకల్యం కంటికి కనబడనివాళ్లూ ఉంటారు, ఎవరినీ నిలదీయకూడదు. విరామం ప్రకటించేటప్పుడు మిగతా టాయిలెట్లు ఎటున్నాయో చెప్పండి, ఒత్తిడి దానంతటదే తగ్గుతుంది.

వైర్లు దారికి అడ్డం. గోడవెంట తీసుకెళ్లాలి. తప్పకపోతే చదునైన కవరు వేసి అంచులు టేపుతో అతికించండి.

అడగని అవసరం అప్పటికప్పుడు వచ్చింది. "ముందే చెప్పాల్సింది" అనకండి. చేయగలిగింది చేసి, చేయలేనిది చేయలేమని సూటిగా చెప్పండి.

## 10. అయిపోయాక

వారంలోపే అందరికీ రెండు ప్రశ్నలు పంపండి: ఎక్కడ ఇబ్బంది పడ్డారు, వచ్చేసారికి ఏం మార్చాలి. రాసి, మాట్లాడి, సైగల వీడియో పంపి, ఎలాగైనా జవాబివ్వవచ్చని చెప్పండి. రిజిస్టర్ చేసుకుని రానివాళ్లకు కూడా ఒక మెసేజ్ పెట్టండి, అసలు సమాచారం అక్కడే ఎక్కువ దొరుకుతుంది.

హాలు కొలతలు, ఫొటోలు, పనిచేసిన ఇంటర్‌ప్రెటర్ల వివరాలు, పెట్టిన ఖర్చు ఒక ఫోల్డర్‌లో దాచండి. అతిథుల వ్యక్తిగత వివరాలు మాత్రం తీసేయండి. వచ్చే ఏడాది ఆ పని చేసేది వేరొకరైతే బడ్జెట్ చిత్తు మొదలుపెట్టకముందే ఆ ఫోల్డర్ వాళ్ల చేతికి అందాలి.